పద్నాలుగు నెలల గాలి

కుతుబుద్దీన్ చేతులు అప్పటికే నాలుగో స్క్రూ విప్పుతున్నాయి. గాలిలోని బొగ్గు దుమ్మును కొలిచే యంత్రం అది. మోటారు గాలిని లాగితే, దారిలో పరిచిన తెల్ల కాగితం మీద దుమ్ము నిలుస్తుంది. ఆ కాగితం తూచి లెక్క కడతారు.

మోటారు శబ్దం మారిందని దాన్ని కాలుష్య తనిఖీ ఆఫీసు నుంచి తిరుమల తెచ్చింది. ఒకప్పుడు ఆ ఆఫీసులో ఐదుగురుండేవారు. యంత్రాలు ఏటా హైదరాబాదు వెళ్లి పరీక్ష చేయించుకుని వచ్చేవి. నిధుల్లో కోత పెట్టాక మిగిలింది ఆమె ఒక్కతే, యంత్రమూ ఒక్కటే. ఇప్పుడు రిపేరు ఏదైనా గోదావరిఖని మార్కెట్ వెనక, చూసి చూసి పని నేర్చుకున్న కుతుబుద్దీన్ దుకాణంలోనే.

మోటారులో అరిగిన కార్బన్ బ్రష్షులు మార్చాడు. తన అలవాటు ప్రకారం ఊదుబత్తి వెలిగించి కాగితాన్ని పట్టి ఉంచే చట్రం చుట్టూ తిప్పాడు. పొగంతా కాగితం మీదికి పోవాలి. ఒక మూలన మాత్రం పక్కకు వంగి సందులోంచి లోపలికి జారింది.

చట్రం ఎత్తి చూశాడు. గాలి కారకుండా కింద ఉండాల్సిన పట్టీకి బదులు సైకిల్ ట్యూబు ముక్క, బీటలు వారి ఉంది. మూలల్లో గుండ్రంగా తిరిగిన ఆ కోత తనదే.

"మేడం, ఇది పోయిన ఎండకాలం నేనేసింది. నాలుగు రోజులకే అని చెప్పిన."

"అసలుది కావాలని మూడుసార్లు రాసిన కాకా. పైసల్లేవన్నరు. నడుస్తున్నది కదా అనుకున్న."

"నడుసుడేంది? పాడైన కూలర్ గూడ నడుస్తది."

గాలి కాగితాన్ని తప్పించుకుంటే దుమ్ము తక్కువ చూపిస్తుందని అతను చెప్పగానే తిరుమల నెలలు లెక్కపెట్టింది. పద్నాలుగు నెలల కొలతలు. దుమ్ముకు ఊపిరాడటం లేదని బొగ్గు గని పక్క కాలనీ నుంచి సారవ్వ పెట్టిన అర్జీని, దుమ్ము హద్దులోనే ఉందంటూ మూసేయమని రాసింది తనే. ఎల్లుండి దాని మీద ఆఖరి విచారణ.

కుతుబుద్దీన్ మందపాటి రబ్బరు షీటు తీసి, చట్రం కొలతకు గీసి, కోసి, కూర్చోబెట్టాడు. ఊదుబత్తి ఈసారి తిరుమల చేతికిచ్చాడు. నాలుగు మూలలా ఆమే తిప్పి చూసింది. పొగ ఎక్కడా పక్కకు పోలేదు.

రశీదులో బ్రష్షుల సంగతి ఒక్కటే రాస్తే చాలనబోయి తిరుమల ఆగింది.

"ఉన్నది రాస్తే నా నౌకరి మీదికొస్తది కాకా."

"నా పేరు గూడ పోతది. కోసింది నేనే గద."

ఆమె పెన్ను తీసి రశీదు పుస్తకం మీద పెట్టింది.

"రాయి కాకా. తారీకుతోని రాయి. ఎల్లుండి విచారణల పెడత."

ట్యూబు వేసిన రోజు, తీసిన రోజు, ఆ రెంటి మధ్య తీసిన కొలతలు నమ్మరాదన్న మాట రాసి కుతుబుద్దీన్ సంతకం పెట్టాడు. కింద తిరుమల పెట్టింది. అతను యంత్రం ఎత్తి ఆటోలో, ఆమె కాళ్ల దగ్గర నిలబెట్టి, రశీదు ఆమె చేతికిచ్చాడు.