పై గడిలో రాయని పాప

నేను పరకాల దగ్గరి ఒక ఊళ్లో ఏఎన్ఎంని. అంటే ఇంటింటికీ తిరిగి గర్భిణులనూ పసిపిల్లలనూ చూసుకునే నర్సుని. లెక్కల విషయంలో నాకు కాస్త పొగరు. నెలాఖరు రిపోర్టు అనగానే మిగతా సిస్టర్లు తలలు పట్టుకుంటుంటే నేను టీ తాగుతూ కూర్చునేదాన్ని. శిశు మరణాల రేటు ఎలా కట్టాలో కొత్తగా చేరినవాళ్లకు నేనే చెప్పేదాన్ని. ఏడాదిలో ప్రాణంతో పుట్టిన పిల్లల సంఖ్య కింద, ఏడాది నిండకుండా పోయినవాళ్ల సంఖ్య పైన. పైదాన్ని కిందిదానితో భాగించి వెయ్యితో గుణించాలి. పుట్టారని కింద రాసుకున్న పిల్లల్లో ఎవరైనా పోతే, పైన రాయాల్సింది కూడా మనమేనని నొక్కి మరీ చెప్పేదాన్ని. చెప్పేవి శ్రీరంగనీతులన్న మాట ఊరికే పుట్టలేదు.

మా దగ్గర తొలి కాన్పు తల్లిగారింట్లోనే. మా ఊరి కోడలొకామె, నేను మొదటి నెలల నుంచీ చూసుకున్న మనిషి, ఏడో నెలలో ఏటూరునాగారం వైపు తల్లిగారి ఊరికి పోయింది. చలికాలంలో కాన్పయింది. ఆడపిల్ల అని మా ఊరి ఆశా కార్యకర్త ఫోన్ చేయగానే ఆ పుట్టుకను నా ట్యాబ్‌లో ఎక్కించాను. నా ఖాతాలో ఒక సుఖ ప్రసవం పెరిగిందని సంతోషం. తొమ్మిది రోజులకు ఆశా మళ్లీ ఫోన్ చేసింది.

"అక్కా, ఆ పసిపిల్ల పోయిందట. జరమొచ్చి పాలు తాగుడు బంజేసిందట. దవాఖానకు తీస్కపోయేసరికే అయిపోయిందట."

"అయ్యో" అన్నాను. వెంటనే, "పోయింది అక్కడ గదా, అక్కడి సిస్టర్ రాసుకుంటది, నువ్వు ఫికర్ చెయ్యకు" అని కూడా అన్నాను. పుట్టింది కూడా అక్కడే అన్న సంగతి నాకు గుర్తు రాలేదు. గుర్తు రానివ్వలేదంటే సరిగ్గా ఉంటుంది. తర్వాత ఒక ట్రైనింగులో ఆ సిస్టరు కలిస్తే అడిగాను. "కోడలు మీ ఊరిది గదా, మీరు రాసిండ్రనుకున్న" అంది. ఎవరికి వారే యమునా తీరే. ఏడాది లెక్క ముగియడానికి ఇంకా రెండు నెలలున్నాయి, అయినా నేను ట్యాబ్ తెరవలేదు.

ఆ ఏడాది మా ఊరి పై గడిలో సున్నా వచ్చింది. మీటింగులో డాక్టరు గారు నన్ను నిలబెట్టి అందరితో చప్పట్లు కొట్టించారు. ఆ సున్నా అబద్ధమని తెలిసి కూడా పొంగిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆమె అత్తగారింటికి తిరిగొచ్చాక ఆ వాడకు ఆశానే పంపాను. బిడ్డ పోయిన తల్లి దగ్గరికి వెళ్లి కూర్చోవడం కూడా నా పనే. దారిలో ఎదురైతే మాత్రం ఫోన్ చెవికి పెట్టుకుని ఎవరితోనో మాట్లాడుతున్నట్టు నడిచేదాన్ని.

పోయిన ఎండాకాలం ఆమె మళ్లీ నీళ్లోసుకుంది. పేరు ఎక్కించాలి కాబట్టి వెళ్లక తప్పలేదు. బిడ్డ పోయిన తల్లిని ప్రమాదం ఉన్నవాళ్ల జాబితాలో పెట్టి ఎక్కువసార్లు చూడాలి. నా ట్యాబ్‌లో ఆమెకు ఒక కాన్పు, ఒక బిడ్డ, క్షేమం. నేను ఇంటి ముందరి అరుగు గద్దె మీద కూర్చోగానే ఆమె లోపలికి వెళ్లి ఫోన్ పట్టుకొచ్చింది.

"మేడం, అడగాలె అనుకుంటనే ఉన్న. ఈ మెసేజులు ఎందుకొస్తానయి? మా మరిదితోని సదివించిన. బిడ్డను సూదికి తీస్కరమ్మంటానయట."

నెలన్నరకు ఒకటి, రెండున్నర నెలలకు ఒకటి, మూడున్నర నెలలకు ఒకటి, తొమ్మిది నెలలకు ఒకటి, మొన్న మరొకటి. ఒక్కటీ తుడిచేయలేదు. అవి నేను పంపినవి కావనీ, నేను ఎక్కించిన పుట్టుకను బట్టి వాటంతటవే వస్తాయనీ చెప్పబోయాను. సిగ్గేసి మింగేశాను.

"నీ బిడ్డ పోయిందని నేను రాయలె చెల్లె. తెలిసే రాయలె."

తిడుతుందనుకున్నాను. తిడితే నాకు కాస్త సుఖంగా ఉండేది.

"అయితే మీ దాంట్ల నా బిడ్డ బతికే ఉన్నదా?"

"ఉన్నది."

"ఇప్పుడు ఎంత ఉంటది?"

ట్యాబ్‌లో వయసు దానంతటదే పెరుగుతుంది. ఏడాది నాలుగు నెలలని చదివి చెప్పాను. ఆమె నా పక్కకు జరిగి, ఎక్కడ అని అడిగింది. చదువు రాదు కాబట్టి వేలు పెట్టి చూపించాను. పేరు గడిలో తల్లి పేరు, దాని పక్కన బేబీ అని ఉంది. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టుకునేలోపే పోయిన పాప మరి.

"ఇప్పుడే రాస్తా" అని మరణం గడి తెరిచాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"రేపు రాయండి మేడం. ఇయ్యాల ఒక్కరోజు ఉండనియ్యండి."

మరునాడు పొద్దున ఎనిమిదింటికే రాసేశాను, నా బరువు దిగాలన్న తొందరలో. సాయంత్రం దాకా ఆగినా నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు.