బాలచంద్ర పట్టిన విషం

ఏర్పేడులో ఒక చిన్న ల్యాబులో పనిచేసే బాలచంద్ర, చెరువులో ఎవరు చేతులు కడిగినారో ఇంటిపేరుతో సహా చెప్పగల మొనగాడు. వెండి పూసిన గాజుపలక మీద నీళ్లో రసమో ఒక చుక్క వేసి, లేజరు కొట్టి, తెరమీద లేచే గీతల్లో విషాన్ని పట్టేస్తాడు. అంతటివాణ్ణి "తిన్నావా అబ్బా?" అని అడిగేది మాత్రం టమాటాలమ్మే చెంగమ్మ ఒక్కతే. ఒకరోజు ఆమె టమాటాలోనే తెగులుమందు కనబడింది. బండి చుట్టూ జనముండగానే చెప్పేసినాడు. బేరాలు పడిపోయినాయి, ఆ పలకరింపూ పోయింది. వారానికి తెలిసింది, ఆ గీత టమాటాది కాదు, పరీక్షప్పుడు తను తొడుక్కున్న రబ్బరు గ్లౌజులోని, ఆ మందును పోలిన రసాయనానిది. పరుగున చెంగమ్మ బండి దగ్గరికి వచ్చినాడు.

"తప్పు నాదే అక్కా!"

"నాకెందుకు చెప్తావబ్బా? ఆ పొద్దు విన్నోళ్ల ఇండ్లకు పోయి చెప్పు."

అయిదేండ్లుగా ఈ ఊళ్లోనే ఉన్న బాలచంద్రకు ఒక్క ఇల్లు కూడా తెలీదు.