పదిహేను నిమిషాల్లో జవాబు

భయపడడంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి పేరుంది. గ్యాసు కట్టేశానా లేదా అని బస్టాండు దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన రోజులు లెక్కలేనన్ని. అలాంటి మనిషికి మదనపల్లెలోని మా కంపెనీ వాళ్ళు ఫోన్ల బాధ్యత అప్పజెప్పారు. ఆవుల దాణా అమ్మే కంపెనీ మాది. ఆరుగురు మనుషులు బైకుల మీద ఊళ్ళు తిరిగి, పాలకేంద్రాల వాళ్ళతో మాట్లాడి ఆర్డర్లూ ఫిర్యాదులూ చూసుకుంటారు. వాళ్ళకు ఫోన్లు ఎంచాలి, వాటిలో కంపెనీ మెయిలు పెట్టించాలి, అవి పోకుండా చూడాలి. కుర్చీలో కూర్చుని చేసే పనికి భయమెందుకని మా ఇంట్లో నవ్వేవాళ్ళు. నాకు భయపడడానికి కారణం ఎప్పుడూ అక్కర్లేదు.

మెయిలే ఎందుకంటే, బెంగళూరులోని మా హెడ్డాఫీసు వాట్సాప్‌లో వచ్చినదాన్ని లెక్కలోకి తీసుకోదు. ఒకసారి పలమనేరు దగ్గరి పాలకేంద్రం నుంచి దాణా బూజు పట్టిందని మెయిలు వచ్చింది. మా మనిషి రెండు రోజులు దాన్ని చూసుకోలేదు. ఈలోపు రెండు ఆవులు మేత మానేశాయి. ఆవులు కోలుకున్నాయి గానీ మా యజమాని అందరినీ నిలబెట్టి కడిగేశాడు. అందులో ఎక్కువ వాటా నాదే. ఆ రోజే రూలు పెట్టాను. మెయిలు వచ్చిన పదిహేను నిమిషాల్లో జవాబివ్వాలి. బండి నడుపుతూ చూడకూడదు, పక్కన ఆపి ఇవ్వాలి. ఆ రెండో ముక్క రాసినప్పుడు వాళ్ళ ప్రాణాలన్నీ నేనే కాపాడుతున్నట్టు పొంగిపోయాను.

ఫోన్లు ఎంచడానికి నెల పట్టింది. ఎండలో తెర కనబడాలి, రోజంతా ఛార్జింగు నిలవాలి, బండి మీంచి పడినా పగలకూడదు. షాపులో ఒక ఫోనును నడుమెత్తు నుంచి కింద వేసి చూస్తే షాపాయన మొహం మాడిపోయింది. కొన్న తర్వాత వాటన్నిటికీ కాపలాగా ఒక యాప్ పెట్టించాను. నా కంప్యూటరులో మ్యాపు మీద ఆరు నీలిచుక్కలు, ఒక్కో చుక్క పక్కన ఒక్కో పేరు. ఎవరైనా సిమ్ము తీస్తే చాలు, నాకు హెచ్చరిక వస్తుంది. ఒకాయన సిమ్ము తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నందుకు అరగంట అరిచాను. నా నోరు ఎలాంటిదో అప్పటికే అందరికీ తెలుసు.

మూడేళ్ళ కిందట, రాగి చేలు కోతకొచ్చిన రోజుల్లో, హెడ్డాఫీసు నుంచి ఫోన్ల తనిఖీకి మనిషి వస్తున్నాడని తెలిసింది. సాయంత్రం అయిదుంబావుకు ఆరుగురికీ మెయిలు పంపాను. మీ పేరు మీదున్న ఫోను మీ చేతిలోనే ఉందని వెంటనే జవాబివ్వండి అని.

అయిదు జవాబులు వచ్చాయి. అందరికన్నా ముందు వచ్చింది మా పెద్దాయన పేరు మీద. మరుసటేడు రిటైరు కావాల్సిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కేవాడు. ఆ వయసులో ఆయనకున్న బుద్ధి మిగతావాళ్ళకు లేదే అనుకున్నాను. రాని జవాబు పుంగనూరు కుర్రాడిది. పెళ్ళయి ఏడాదైనా కాలేదు. మ్యాపులో చూస్తే అతని చుక్క వెంకటగిరికోట దాటి కుప్పం పోయే దారిలో, అడవిని ఆనుకుని ఉన్న చోట ఆగి ఉంది. కుప్పం మామూలుగా పెద్దాయన రూటు. వాళ్ళలో వాళ్ళు రూట్లు మార్చుకోవడం కొత్త కాదు కాబట్టి దాని గురించి ఆలోచించలేదు.

ఇరవై నిమిషాలైనా చుక్క కదల్లేదు. ఫోను చేస్తే మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వారమంతా ఆ పక్క ఏనుగులు చేలల్లోకి దిగుతున్నాయి. పొద్దు వాలాక ఆ దారిలో బండి ఆపకూడదని అక్కడ తిరిగేవాళ్ళందరికీ తెలుసు. అలాంటి చోట అతను ఎందుకు ఆగాడు? నా మెయిలుకు జవాబివ్వడానికి ఆగాడు. పక్కన ఆపి ఇవ్వాలని రాసింది నేనే.

కంపెనీ ఫోను వచ్చాక అతను సొంత ఫోను భార్యకిచ్చేశాడు. ఆ నంబరు నా దగ్గరుంది. చేశాను. మీ ఆయన ఫోను ఎత్తడం లేదమ్మా, కుప్పం దారిలో ఉన్నట్టున్నాడు అని ఎంత మెల్లగా చెప్పినా నా గొంతే నన్ను పట్టిచ్చింది. "కుప్పానికి యాల పోయినాడు మేడం? ఏమైంది, చెప్పండి మేడం" అని ఆ పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. ఏం చెప్పను? ఒక చుక్క ఆగిపోయిందని చెప్పాలా?

పది నిమిషాలకు ఆమే తిరిగి చేసింది. "మేడం, ఇంటికి వచ్చేసినాడు. ఈడనే ఉండాడు." నేను కుర్చీలో కూలబడి దేవుళ్ళందరికీ దండం పెట్టుకున్నాను. అంతలో ఆ కుర్రాడు ఫోను తీసుకున్నాడు.

"తప్పైపోయింది మేడం. ఆ ఫోను నా దగ్గర లేదు, పెద్దాయన దగ్గరుండాది. ఆయన సిమ్ముకు కుప్పం పక్క టవరు దొరకదు, నా దానికి దొరుకుతాది. సిమ్ము మారిస్తే మీకు తెలిసిపోతాదని ఫోన్లే మార్చుకుంటాండాము. పొద్దున పుంగనూరులో టీ తాగే కాడ మార్చుకుంటాము. ఆయన మెయిళ్ళకు నేను జవాబిస్తా, నా మెయిళ్ళకు ఆయన ఇస్తాడు."

అందరికన్నా ముందు వచ్చిన ఆ బుద్ధిగల జవాబు ఈ కుర్రాడు పుంగనూరులో కూర్చుని పంపిందన్నమాట. అడవి పక్కన ఆగిపోయింది మోకాళ్ళ నొప్పుల పెద్దాయన. కుర్రాడైతే పరుగెత్తి ఉంటాడని ఇంతసేపూ ఏదో మూల ఆశ పెట్టుకున్నాను. ఈయన ఎక్కడ పరుగెత్తుతాడు? క్షణం కిందట దేవుళ్ళకు దండం పెట్టినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఆయన ఇంటి నంబరని మా రిజిస్టరులో ఉన్నదీ కంపెనీ నంబరే, అది కుర్రాడి జేబులో ఉంది. ఆ దారిలో దగ్గరి ఊరి పాలకేంద్రం అతనికి చేశాను. విషయం వినగానే "అయ్యో, ఆడ ఏనుగులు దిగినాయి కదమ్మా" అన్నాడు. అయినా అతను నలుగురిని పోగేసుకుని, టపాకాయలు తీసుకుని బయలుదేరాడు.

ఆ తర్వాతి అరగంట నేను చేసిందల్లా చుక్కను చూడడమే. కళ్ళార్పితే మాయమవుతుందేమోనని భయం. చివరికి నా ఫోను మోగింది. తెర మీద కుర్రాడి పేరు, అంటే ఆ ఫోనే. గబుక్కున ఎత్తితే పాలకేంద్రం అతని గొంతు. "ఫోను రోడ్డు పక్కన దొరికిందమ్మా. బండి పడిపోయుండాది. మనిషి కనపడలేదు. వెతుకుతాండాము."

మ్యాపులో చుక్క కదలడం మొదలుపెట్టింది. మనిషి లేకుండా కదులుతున్న ఆ చుక్కను చూడలేక తెర ఆపేశాను. ఆయన భార్యకు ఈ మాట ఎలా చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను. ఏ మాటతో మొదలుపెట్టినా చివరికి నా మెయిలు దగ్గరికే వస్తోంది.

మళ్ళీ మోగింది, పాలకేంద్రం అతని సొంత నంబరు. ఈసారి ఆయాసం వినిపించింది ముందు, తర్వాత పెద్దాయన గొంతు.

"నేనేనమ్మా. బండి ఆపి టైపు చేస్తాంటే చెట్లలో చప్పుడైంది. సూస్తే మూడుండాయి. ఎట్ల పరిగెత్తినానో నాకే తెలీదు. రాగి చేలో కాపలా ఉండే రైతు సూసి మంచె మీదికి లాగినాడు. అవి పొయ్యేదాకా ఆడనే కూసున్నాము."

ఏడుస్తున్నానని ఆయనకు తెలియకూడదని ఫోనును కాస్త దూరంగా పట్టుకున్నాను. దెబ్బలేమైనా తగిలాయా అప్పా అని ఎలాగో అడిగాను.

"మెయిలుకు జవాబు పంపినానమ్మా. పదిహేను నిమిషాల లోపలే నొక్కినా. ఫోను యాడనో పడిపోయింది, మెయిలు పోయిందో లేదో సూసుకోలేదు. వచ్చిందా?"

తెర వెలిగించి చూశాను. రాలేదు.

"వచ్చిందప్పా" అన్నాను.

"అమ్మయ్య" అని ఆయన గుండెల నిండా ఊపిరి వదలడం నాకు వినిపించింది. ఆ సాయంత్రమంతా నేను భయపడింది ఏనుగులకు. ఆయన భయపడింది నాకు.