బుద్రమ్మ అంబలి మీద నేను వేసిన నింద

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదే. కానీ బుద్రమ్మ నన్ను ప్రేమగా పలకరించిన ప్రతిసారీ అది గుచ్చుకుంటుంది. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అప్పుడు నేను అనంతగిరి దగ్గర ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో టీచర్ని. కింద మైదానం నుంచి కొత్తగా వచ్చాను. ఆ చలికీ ఒంటరితనానికీ మొదటి నెలలోనే వెళ్లిపోదామనుకున్నాను. ఆపింది బుద్రమ్మ. మా హాస్టల్ వంటమనిషి, పక్క గూడెం ఆవిడే. రోజూ పొద్దున్నే తన ఇంట్లో మట్టికుండలో కాచిన చోడి అంబలి, అదే రాగి అంబలి, తెచ్చేది. నాకో గ్లాసు, ఇంటి మీద బెంగతో తిండి మానేసిన పిల్లలకో గ్లాసు. కొత్తగా చేరిన పిల్లల ఏడుపు మా పాఠాలతో ఆగేది కాదు, ఆ అంబలితో ఆగేది.

ఆ వేసవిలో నాతో ట్రైనింగ్ చేసిన స్నేహితురాళ్లు వాట్సాప్‌లో ఒక పందెం పెట్టారు. బరువు తగ్గాలి. ప్రతి ఆదివారం వెయింగ్ మిషన్ ఫొటో గ్రూపులో పెట్టాలి. నేను అన్నం మానేశాను. అది చాలదని మందుల షాపులో సునాముఖి పొడి కొని, ఎవరికీ కనబడకుండా పెట్టెలో దాచుకుని, వేణ్ణీళ్లలో కలుపుకుని తాగేదాన్ని. విరేచనాలయ్యేవి. వారం తిరిగేసరికి మూడు కిలోలు తగ్గాను. ఫొటో పెడితే ఎన్ని చప్పట్లో! నన్నెవరూ అంతగా మెచ్చుకోలేదు అంతకుముందు. అదే నన్ను చెడగొట్టిందా? లేక నాలో ముందే ఆ బలహీనత ఉందా? ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

రెండో వారం శుక్రవారం బుద్రమ్మ గూడెంలో పండగ. ఆవిడ పిలిస్తే కాదనలేకపోయాను. నాటుకోడి కూర, ఉప్పూ కారం దండిగా, వేడన్నం. కడుపునిండా తిన్నాను. శనివారం పొద్దున్న మిషనెక్కితే రెండు కిలోలు పెరిగాను! ఒక్క పూటకి రెండు కిలోలా? మర్నాడే ఫొటో పెట్టాలి. కంగారులో చెంచా బదులు మూడు చెంచాల పొడి తాగేశాను. ఆ తర్వాత, ఆ పూట బుద్రమ్మ నా ఒక్కదానికే తెచ్చిన గ్లాసుడు అంబలీ తాగాను.

పదకొండు గంటలకి ఏడో తరగతిలో బోర్డు మీద రాస్తూ కూలబడిపోయాను. కడుపులో మెలిపెట్టే నొప్పి, చల్లటి చెమట. పిల్లలే నన్ను మోసుకుని సిక్ రూములో పడుకోబెట్టారు. ఎన్నిసార్లు బయటికి పరుగెత్తానో లెక్కలేదు. హెచ్ఎం మేడమ్ వచ్చి అడిగింది, "పొద్దున్న ఏం తిన్నావు?"

గుమ్మం దగ్గర పిల్లలు గుంపుగా నిలబడి వింటున్నారు. పొడి సంగతి చెబితే టీచరు సన్నబడటానికి విరేచనాల మందు మింగిందని నవ్వరా? నేను అన్నాను, "ఏమీ తినలేదండీ. బుద్రమ్మ అంబలి తాగాను, అంతే."

అంతే. ఆ మాటని ఆపుకోవడానికి నాకు ఎంతసేపు పట్టేది?

ఆ సాయంత్రం బుద్రమ్మే నా తల ఒళ్లో పెట్టుకుని, పల్చటి గంజిలో ఉప్పేసి చెంచాతో పట్టింది.

"బేగి తాగీ, టీచరమ్మా. మొకం సూడు ఎలాగైపోనాదో. నా కుండలో ఏటి పడిపోనాదో ఏటో, నాను సూసుకోనేదు. నాదే తప్పు."

"నీ తప్పేం లేదు, బుద్రమ్మా" అన్నాను. నిజమే చెప్పాను, కానీ సగమే. ఆవిడ దాన్ని నా మంచితనం అనుకుంది. ఇంటికెళ్లి ఆ కుండని పగలగొట్టేసిందట.

సోమవారం నుంచి ఆవిడని వంటగదిలోకి రానివ్వలేదు. ఆవరణ ఊడ్చే పని ఇచ్చారు. ఇంటి నుంచి ఏదీ తేకూడదన్నారు. పిల్లలు ఆవిడ చేతి తిండి మంచిది కాదని గుసగుసలాడుకున్నారు. నిన్నటిదాకా ఆవిడ కొంగు పట్టుకుని తిరిగిన పిల్లలే, జామపండు ఇస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. ఆవిడ ఆ పండుని కొంగులో కట్టుకుని చీపురు తీసుకుంది. నేను కిటికీలోంచి చూశాను. చూసి, పాఠం చెప్పాను.

తర్వాత ఆరోగ్య కేంద్రం నర్సుకి మాత్రం పొడి సంగతి చెప్పాను. ఆవిడ తల పట్టుకుంది. మొదట తగ్గిన మూడు కిలోల్లో చాలావరకు ఒంట్లో నీరేనట. ఉప్పు కూర, అన్నం తిన్నాక వచ్చిందీ నీరేనట. నాలుగు రోజులు ఆగితే అదే పోయేదట. నీళ్ల కోసం ఒక మనిషి చేతికున్న మంచిపేరు తీసేశాను.

ఏడాదికి బదిలీ మీద వచ్చేశాను. కానీ ఏటా వెళ్లి బుద్రమ్మని చూస్తాను. వాకిట్లో అందరికీ అంబలి పోసి, నాకు మాత్రం టీ కాస్తుంది. "నీకు పడదు కదేటి" అంటుంది. నా కోసం ముందురోజే టీపొడి తెప్పించి ఉంచుతుంది. ఆ టీ తాగడం కన్నా పెద్ద శిక్ష ఉంటుందా?

మొన్న వెళ్లినప్పుడు చెప్పేశాను. అంతా. పొడి, ఫొటో, అబద్ధం. ఆవిడ అరుగు మీద కాఫీ గింజలు ఏరుతోంది. చెయ్యి ఆగింది. తిడుతుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. నా మొహంలోకి చూసి ఒక్కటే అడిగింది.

"మరి ఆ గుంటలకి సెప్పినావేటి?"

ఆ పిల్లలకి చెప్పలేదన్నాను. ఆవిడ మళ్లీ గింజల మీదికి వంగింది. క్షమించానని అనలేదు. పొమ్మనీ అనలేదు.

ఆనాటి ఏడో తరగతి పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లు. కొందరు తల్లులయ్యారు. ఎక్కడున్నారో నాకు తెలియదు. మీలో ఎవరైనా ఇది చదువుతుంటే, అమ్మలూ, వినండి. బుద్రమ్మ అంబలిలో ఏ దోషమూ లేదు. నేను మందు మింగి ఆవిడ పేరు చెప్పాను.