సోమవారం మీటింగుకు వచ్చిన పడవాయన

గోదావరి పాయల మధ్య ఉండే లంక గ్రామాలకు మంచినీటి పైపులు వేసే ఒక చిన్న కంపెనీలో నాది ప్లానింగు ఉద్యోగం. రాజోలు దగ్గర ఒక అద్దె ఇల్లే మా ఆఫీసు. మలికిపురం నుంచి రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని. ఎవరు ఏ రోజు ఏ పని చెయ్యాలో కంప్యూటర్లో ఎక్కించడం నా పని. కొత్తగా చేరిన రోజులు కావడంతో ఆ సాఫ్ట్‌వేర్ మీద మోజు ఎక్కువ, అనుభవం తక్కువ.

ఒక శనివారం మా మేనేజరు గారు పిలిచారు.

"సోమవారం మీటింగుకి వారం వారం అందరికీ ఫోన్లు చెయ్యలేకపోతున్నానమ్మా. ప్రతి సోమవారం తొమ్మిదింటికి అని అందులో పెట్టేసి, రావాల్సిన వాళ్లని వేసెయ్యి. దానంతట అదే చెప్పేస్తుంది కదా."

రావాల్సింది ఆరుగురు. 'ప్రతి వారం', 'సోమవారం' అని ఎంచుకుని, మనుషుల జాబితా తెరిచాను. పేర్లన్నిటికీ పైన ఒక ఖాళీ గడి ఉంది. అందులో టిక్కు పెడితే జాబితా మొత్తం మీటింగులో చేరిపోతుందని నాకు తెలియదు. ఆరు పేర్లకు పెడుతూ దానికీ పెట్టేసి, పని అయిపోయిందని హాయిగా ఇంటికి వెళ్లిపోయాను.

సోమవారం పొద్దున్న వెళ్లేసరికి వరండా నిండా చెప్పులు. వెల్డర్లు, పంపు మెకానిక్కు, వంట చేసే ఆవిడ, అందరూ గోడ వారన నిలబడి ఉన్నారు. లంకకు మనుషుల్ని దాటించే పడవాయన కూడా వచ్చాడు. అరవై దాటిన మనిషి. రోజూ బనియను మీద కనిపించేవాడు, ఆ రోజు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

"ఫోన్లో మెసేజీ వచ్చిందండీ. మా అమ్మాయి చదివి చెప్పింది. మీటింగంట గదండీ, ఆయ్, వచ్చేసేను" అన్నాడు.

పొరపాటు నాదేనని మేనేజరు గారికి చెప్పేశాను. ఆయన మీటింగుకు అక్కర్లేని వాళ్లను పనుల్లోకి పంపేశారు. పడవాయనను మాత్రం ఉండమన్నారు. లంకలో పని చూసే ఇంజనీరును మీటింగయ్యాక మళ్లీ దాటించాల్సింది ఆయనే.

ఆ ఇంజనీరు వేరే జిల్లా మనిషి. గట్టిగా మాట్లాడడం తెలియదు.

"పోయిన సోమవారం మీరు రాలేదు. అంతకు రెండు వారాల ముందు కూడా రాలేదు. ఏమండీ, మీ ఒక్కరికే కుదరదా?" అని అడిగారు మేనేజరు గారు.

"పడవ ఆలస్యమైంది సార్" అన్నారు ఆయన నేల చూపులు చూస్తూ.

మూల కుర్చీలో ఉన్న పడవాయన లేచి నిలబడ్డాడు.

"తప్పు ఆయనది కాదండీ, నాదీ కాదండీ. ఇయ్యాల ఈ టైముకి ఏరు పోటు మీదుంది, వచ్చేసేం. పోయిన సోమవారం ఇదే టైముకి పాటండీ. నీరు దిగిపోయి అవతలి రేవులో పడవ బురదలో దిగబడిపోద్ది. ఒక వారం పోటైతే మర్వారం పాటే. పాటున్న వారం మజ్జాన్నం మూడింటికైతే మళ్లీ నీరెక్కుద్దండీ."

సముద్రం దగ్గర కాబట్టి ఏట్లో నీరు ఎక్కడం, దిగడం నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. 'ప్రతి వారం' అని నొక్కేటప్పుడు అది నా బుర్రకు తట్టనే లేదు.

"మరి ఈ ముక్క మీరు ముందే చెప్పొచ్చు కదండీ?" అన్నారు మేనేజరు గారు ఇంజనీరుతో.

"రెండుసార్లు చెప్పాను సార్. మీరు ఫోన్ పెట్టేశారు."

గదిలో అందరం నవ్వాపుకోలేకపోయాం. మేనేజరు గారూ నవ్వేశారు. "సరే, ఈసారి పెట్టనులెండి" అని, పడవాయనకు తన చేత్తోనే టీ అందించారు.

మీటింగు కాగానే కంప్యూటర్లో పాతది తీసేసి రెండు పెట్టాను. ఒకటి రెండు వారాలకోసారి పొద్దున్న తొమ్మిదింటికి, ఇంకొకటి మధ్యలో వచ్చే సోమవారాల్లో మూడింటికి. ఈసారి ఒక్కొక్క పేరూ పైకి చదువుకుంటూ టిక్కు పెట్టాను. ఆరుగురు అయ్యాక, "ఆయన్ని కూడా ఉంచెయ్యమ్మా" అన్నారు మేనేజరు గారు. పడవాయన పేరు చేర్చగానే ఎర్రగా మారింది.

వెనక నిలబడి చూస్తున్న పడవాయన కంగారు పడ్డాడు. "నా పేరెందుకండీ ఎర్రగా అయిపోయింది?"

"ఒకే టైములో మీకు పడవా మీటింగూ రెండూ పడ్డాయండి. అందుకని."

"ఓస్, అంతేనా? మాకు రోజూ ఉండేదే గదండీ" అని నవ్వి, తెర వైపు వంగి చూశాడు. "అయితే ఈ లెక్క రెండు నెల్లు కూడా నిలవదండీ. పోటు కాస్త కాస్త ముందుకి జరిగిపోద్ది."

అందుకని ఒక నెలకే పెట్టాను. ఆ తర్వాత నెలాఖరు వస్తే నోట్‌బుక్కు పట్టుకుని రేవుకు వెళ్లేదాన్ని. పడవ అంచున కూర్చుని ఆయన వేళ్ల మీద లెక్కకట్టి టైములు చెప్పేవాడు, నేను రాసుకునేదాన్ని. లంక ఇంజనీరు మళ్లీ ఒక్క మీటింగూ తప్పలేదు. పైగా అందరికన్నా ఎక్కువ మాట్లాడడం మొదలుపెట్టారు. మీటింగులు గంట దాటిపోతున్నాయని మేనేజరు గారు నా దగ్గర విసుక్కునేవారు, కానీ మధ్యలో ఎవర్నీ ఆపేవారు కాదు.