గుడ్డు దక్కినవాడే గోల్‌కీపరు

ఆ రోజుల్లో ఆడపిల్ల భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. మగవాళ్ళు గొంతు పెంచితే చాలు, చేతిలో గరిటె జారిపోయేది. ఇప్పుడు మా మనవరాలు బందరు కాలేజీలో ఫుట్‌బాల్ ఆడుతోంది. టీంలో చోటు దొరుకుతుందో లేదోనని ఈ ఫాల్గుణమంతా దానికి అన్నం సయించలేదు. తినవే అంటే, "ఆ టెన్షను నీకేం తెలుసు అమ్మమ్మా!" అంది. నాకు తెలియకపోవడమేమిటి? మూడో క్లాసుతో చదువు ఆగిపోయినదాన్నే గానీ, ఒక కాలేజీ టీంని మొత్తం తలకిందులు చేసినదాన్ని. (కావాలని కాదు.)

అప్పటికి నాకు పెళ్ళి కాలేదు. మా పిన్ని బందరులో ఒక కాలేజీ హాస్టల్లో వంట చేసేది. ఎండలు ముదరకముందే ఫుట్‌బాల్ పిల్లలకి క్యాంపు పెడితే, వడ్డనకి సాయంగా ఉంటుందని దివిసీమ నుంచి నన్ను పిలిపించింది. "నోరు మూసుకుని వడ్డించు. తేడా వచ్చిందా, నీ పనితో పాటు నా పనీ పోతుంది" అని దిగగానే చెప్పింది. పిల్లలు ఇరవై మందికి పైనే, ఆడేది మాత్రం పదకొండు మంది. ఎవరు ముందు ఆడాలో, ఎవరు వెనక ఆడాలో పీడీ గారు (ఆటలు నేర్పే ఆయన్ని అలాగే అనేవారు) పైకి చెప్పేవారు కాదు. మొదట్లో గ్రౌండు ఒక చుట్టు తిరిగేసరికి నాలుకలు బయటపెట్టినవాళ్ళు, రానురాను ఆ ఉప్పుగాలిలో అలుపు లేకుండా పరుగెత్తడం నేర్చారు. ఒకరినొకరు కొరకొరా చూసుకోవడమూ నేర్చారు. అన్నిటికంటే గోల్‌కీపరు చోటుకి పోటీ ఎక్కువ. ఒకడు గుడివాడ వాడు, తాటిచెట్టంత ఉంటాడు, అందరూ పొడుగాయన అనేవారు. రెండోవాడు గుండ్రంగా ఉండే మా దివిసీమ వాడు, బొండాం. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తినేవారు కాదు.

ఒకరోజు హాస్టల్ మేనేజరు కోడిగుడ్లు తెచ్చి, "ఇవి టీంకి" అని నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. చూస్తే పదకొండే ఉన్నాయి. పిన్ని బజారుకి వెళ్ళింది. ఏం చెయ్యను? పులుసు పెట్టి, వరసలో మొదట కూర్చున్నవాడి దగ్గర మొదలుపెట్టి అయిపోయేదాకా వేసుకుంటూ పోయాను. మిగిలినవాళ్ళకి పులుసు పోశాను. (సగానికి కోయొచ్చు కదా అంటారేమో. కోస్తే పచ్చసొన రాలిపోతుంది, దండగ.) బొండాం ఆకలికి ఆగలేడు, ఎప్పుడూ ముందే కూర్చుంటాడు. పొడుగాయన స్నానం చేసి, తల దువ్వుకుని వచ్చేసరికి గుడ్లు అయిపోయాయి. తన కంచం చూసుకున్నాడు, బొండాం కంచం చూశాడు.

"అయితే టీం అయిపోయిందన్నమాట" అన్నాడు.

"అయిపోలేదండీ, ఇంకా పులుసుంది" అన్నాను.

గుడ్డు పడినవాళ్ళు ఛాతీలు విరుచుకున్నారు. పడనివాడొకడు, నేను గిన్నెలు తోముతుంటే వచ్చి, "ఏమ్మాయ్, నన్ను ఫార్వర్డులోంచి పీకేశారా?" అని అడిగాడు.

"నాకేం తెలుసు బాబూ!"

"తెలుసులే. పీడీ గారు చెప్పొద్దని అనుంటారు."

సాయంత్రం ప్రాక్టీసుకి సగం మందే వెళ్ళారు. పొడుగాయన ట్రంకుపెట్టె సర్దుకుని గుడివాడ రైలుకి బయల్దేరాడు. వాడి చెయ్యి పట్టుకుని, మిగతావాళ్ళని వెంటేసుకుని పీడీ గారు నేరుగా వంటింటికే వచ్చారు.

"నేను చెప్పందే టీం ప్రకటించిందెవరు?"

అందరి వేళ్ళూ నా వైపు తిరిగాయి. "గుడ్లతో ప్రకటించింది సార్" అన్నాడు బొండాం.

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను తలుపు చాటుకి పోయాను. చిలకలపూడి గిల్టు గాజులు చప్పుడు కాకుండా చెంగుతో మూసుకున్నాను. దివిసీమ బస్సెక్కి నేనూ పిన్నీ మూటలతో దిగడం, మా అమ్మ గుమ్మంలో నిలబడి చూడటం, అన్నీ కళ్ళముందు కనబడ్డాయి.

"ముందు కూర్చున్నవాళ్ళకి ముందు వేశానండీ. మా ఊళ్ళో భోజనాలకి అలాగే వేస్తామండీ. మా పిన్నినేమీ అనకండి" అని భోరుమన్నాను.

పీడీ గారి మీసం కదిలింది. కోపమో నవ్వో తెలియక నా ప్రాణం పోయినంత పనైంది. ఆయన పొడుగాయన వైపు తిరిగి, "ఒరేయ్, రైలెక్కే ముందు చెప్పు. నువ్వు గోలుకి కాపలానా, గుడ్డుకి కాపలానా?" అన్నారు. వాడు పెట్టె కింద పెట్టేశాడు. "అమ్మాయ్, టీం నేను చెప్తాను. గుడ్డు ఎవరికి పడిందో మాత్రం ఇకమీదట నాక్కూడా తెలియకూడదు" అని వెళ్ళిపోయారు.

మళ్ళీ గుడ్లొచ్చిన రోజు ఉల్లిపాయలు దండిగా తరిగి, అన్నీ పగలగొట్టి పొరటు చేసేశాను. ఎవరి కంచంలో ఎంత గుడ్డుందో దేవుడికే తెలియాలి. అందరికీ సరిపోగా పిన్నికీ కాస్త మిగిలింది. అయినా క్యాంపు అయ్యేదాకా ఆయన చెప్పుల చప్పుడు వింటే తలుపు చాటుకి పోయేదాన్ని. చివరికి పొడుగాయన్నే గోల్లో పెట్టారు. బొండాంని వాడి ముందు బ్యాకుగా నిలబెట్టారు, వాణ్ణి దాటి వెళ్ళడానికి బంతికి దారి ఉండదని. వాళ్ళు ఆట గెలిచారో లేదో నాకు తెలియదు, వంటింట్లోవాళ్ళకి ఎవరు చెబుతారు? పిన్ని పని పోలేదు, నాకు అదే చాలు.

ఇప్పుడు మా ఇంట్లో నేను గట్టిగా దగ్గితే అల్లుడు కూడా ఫ్యాన్లు కట్టేస్తాడు. తలుపు చాటున ఏడుస్తున్న ఆ పిల్ల ఎప్పుడైనా గుర్తొస్తే జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని, ఏం కాదులేవే అనాలనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం దాని సంగతి చెప్పలేదు. చెబితే ఇక నా మాటకి ఎవరు భయపడతారు? మీరూ చెప్పకండి.