ఆ స్క్రూ బిగించింది నేనే

మొన్న మంగళవారం పొద్దున్న మా మామ పోయాడు. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ నా భుజం మీద చెయ్యేసి, కన్నకొడుకైనా ఇంతలా చూసుకోడన్నారు. తలొంచుకుని నిలబడ్డాను. దుఃఖం అనుకున్నారు. కొంత దుఃఖమే, మిగతాది సిగ్గు. అదేమిటో చెప్పకపోతే ఆయన గురించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది.

నేను రాంబిల్లి నుంచి అనకాపల్లికి ఇల్లరికం వచ్చినవాణ్ని. మామకి ఒక్కతే కూతురు. ఊరి చివర సపోటా తోట, చెట్ల సాళ్ల మధ్య దూరిపోయే పాత చిన్న ట్రాక్టరు ఉండేవి. నడపడం నా పని. ఏ సాలు ఎప్పుడు దున్నాలో, ఇంట్లో ఏ కూర వండాలో ఆయనే చెప్పాలి. నేను గేటు దాటితే చాలు, "ఎక్కడికల్లుడూ?" అని అరుగు మీంచి కేక. ప్రేమగానే అడిగేవాడు. అందుకే మరీ ఊపిరాడేది కాదు.

అచ్యుతాపురం కంపెనీలో స్టోరు పని దొరికిందని చెప్పినప్పుడు ఆయన గొడవేం చెయ్యలేదు.

"ఎల్లు. ఆ స్టీరింగు బాక్సు బాగుసేసి ఎల్లు," అన్నాడు.

స్టీరింగు సగం రౌండు తిప్పితే గాని ముందు చక్రాలు కదిలేవి కావు. ఆయనకి మణికట్లు నొప్పి, దాంతో కుస్తీ పట్టలేడు. అది బాగుపడితే నేను లేకపోయినా నడుపుకోవచ్చన్నది ఆయన ఆలోచన. నాకది తట్టలేదు. నన్ను ఆపడానికి ఎత్తు వేశాడనుకున్నాను.

వారం రోజులు పట్టింది. ఆయన చొక్కా విప్పి, మడతపెట్టి ట్రాక్టరు సీటు మీద పెట్టి పనిలో దిగేవాడు. విప్పిన ముక్కల్ని తీసిన వరసలోనే గోనెసంచి మీద పేర్పించేవాడు. కిరసనాయిల్లో కడిగిన ఒక్కో బేరింగు గుండునీ వేళ్ల మధ్య దొర్లించి చూసేవాడు. ఈరోజు నేను ఏ మిషను విప్పినా ముక్కలు వరసగా పెడతానంటే అది ఆయన చలవే. బేరింగులు, బుష్షులు, ఆయిలు సీలు కొత్తవి వేశాం. స్టీరింగుతో పాటు తిరిగే లోపలి మర మాత్రం ఆ మోడలుకి దొరకలేదు, పాతదే వేశాం. సాళ్లలో తిన్నగా నడిచి నడిచి అది మధ్యలోనే అరిగిపోయింది, చివర్లు అరగలేదు.

"మద్దిలో ఆడతందని బాక్సు మీద స్క్రూ బిగించీకు అల్లుడూ. మలుపులో పట్టేత్తది. కాసింత వదులుండనీ," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే కంపెనీ బస్సు. ఆయన లోపలికి వెళ్లగానే స్క్రూ బిగించేశాను. స్టీరింగులో ఆ వదులు పోయి కొత్త బండిలా ఉంది.

"ఆ సివరా ఈ సివరా తిప్పి సూసేవా?" లోపల్నుంచి అడిగాడు.

"సూసేను మావా."

చూడలేదు.

పనిలో చేరిన రోజు మధ్యాహ్నమే స్టోరుకి ఫోనొచ్చింది. సాలు చివర మలుపులో స్టీరింగు పట్టేసింది. ట్రాక్టరు నీళ్ల బోదెలోకి ఒరిగి, మామ తుంటి విరిగింది. ఎవరడిగినా "నా సెయ్యి జారింది" అన్నాడు. నాతోనూ అదే మాట. మళ్లీ లేచి నడవలేదు.

ఇక ఎక్కడికి వెళ్తాను? ఉద్యోగం ఒక్కరోజుతో సరి. తోట, ట్రాక్టరు, ఆయన మంచం, రెండున్నరేళ్లు ఇంతే. ఎత్తి కూర్చోబెట్టేవాణ్ని, స్నానం చేయించేవాణ్ని. "సన్నీళ్లతో సంపీడానికొచ్చేవేటి?" అని నవ్వేవాడు. ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేది.

పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, ఆయనకి గడ్డం గీస్తున్నాను. ఒక చెంప అయింది. ఇక ఆగలేకపోయాను.

"మావా, ఆ స్క్రూ బిగించింది నేనే. తిప్పి సూడనేదు కూడా."

"తెల్సు. స్టీరింగు పట్టీసినప్పుడే తెల్సింది."

"మరి ఇన్నాళ్లూ సెప్పనేదేటి?"

"సెప్తే నాలుగు రోజులు ఏడిసి, నా కాళ్లట్టుకుని, మనసు తేలికై ఎల్లిపోదువు. మంచాన పడ్డోణ్ని. నాకు బయమేసిందల్లుడూ."

ఒళ్లంతా మండిపోయింది. ఇన్నాళ్లూ నేను దాస్తున్నాననుకున్నాను. దాచి నన్ను కట్టిపడేసింది ఆయన. బ్లేడు అక్కడ పడేసి వెళ్లిపోవాలనిపించింది. గుమ్మం నాలుగడుగుల దూరంలో ఉంది. ఆయన నన్ను పిలవలేదు, బతిమాలలేదు. కళ్లు మూసుకుని, సబ్బు నురగ ఆరిపోతున్న రెండో చెంప మెల్లగా నావైపు తిప్పాడు.

బ్లేడు నీళ్లలో ముంచాను.